పూర్తిగా వచ్చిన ఫిబ్రవరి

"అన్నా! ఈసారి నీ ఫిబ్రవరి జీతం పూర్తిగా వస్తాండాది!"

అకౌంట్స్ సెక్షన్ పద్మజ కిటికీలోంచి కేకేసేసరికి ఓబులేసు బస్సు అద్దం తుడవడం ఆపాడు. సబ్బునీళ్లు మోచేతి దాకా కారాయి.

"సరిగ్గా చూసినావా పాపా? నాదేనా?"

"ఈ డిపోలో ఓబులేసు ఒగడే ఉండాడు. ట్యాక్సు సున్నా. పోన్నా, బండి తీయి."

ఆయన తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. పొట్టి మనిషి. కిటికీ వైపు ఉండే కుడి చెయ్యి ఎండకు మాడి, ఎడమ చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు తెల్లగా ఉంటుంది. అరవై రెండేళ్లు నిండాయి. ఆ రోజుతో ఉద్యోగం ఆఖరు.

డిపోలో ఒక మర్యాద ఉంది. రిటైరయ్యేవాడికి అందరూ కలిసి శాలువా కప్పుతారు. అతను అందరికీ కడుపునిండా అన్నం పెడతాడు. ఫిబ్రవరిలో దిగిపోయేవాడి సంగతి మాత్రం వేరు. ఏడాది ఆదాయపన్నంతా ఆ ఒక్క నెల జీతంలోనే కోసేస్తారు గనక, "ఫిబ్రవరి వాడికి శాలువా ఉంటాది, పలావు ఉండదు" అని నవ్వుకుంటారు. అప్పు చేసి అన్నం పెట్టడం ఓబులేసుకు ఇష్టం లేదు. అందుకే శాలువా కూడా వద్దని మేనేజరుకు ముందే చెప్పేశాడు. చప్పుడు లేకుండా వెళ్లిపోదామనుకున్నాడు. కానీ ఇన్నేళ్లుగా అందరి పలావూ తిన్న మనిషి. ఆ సంగతే వారం నుంచి ఆయన్ని పొడుస్తోంది.

బస్సు అనంతపురం దాటింది. కండక్టరు అనుపమ టికెట్లు కొట్టేసి ఇంజిన్ పక్కన వచ్చి కూర్చుంది. పెళ్లయి నెల కాలేదు. మెడలో తాడు పసుపు ఇంకా వెలిసిపోలేదు.

"ఏం చిన్నాయనా, మొగం వెలిగిపోతాంది? పిన్నమ్మ ముద్దు పెట్టి పంపినాదా?"

"నీ మొగుడు ఉప్మా కట్టిచ్చినాడని ఊరంతా చెప్పుకుంటాండేది నువ్వు. నన్నంటావా?"

"జీడిపప్పు గూడా ఏసినాడు చిన్నాయనా!" అంది అనుపమ. ఆ సంగతి ఎక్కడ చెప్పకుండా ఉండిపోతానో అన్నంత తొందరగా చెప్పింది.

ఓబులేసు నవ్వి గేరు మార్చాడు. చెనక్కాయ పీకేసిన ఎర్రనేలలు ఎండలో మెరుస్తున్నాయి. అడవిపందులు రాకుండా చేల చుట్టూ కట్టిన పాత చీరలు గాలికి ఎగురుతున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నెమలికంఠం. ఇవాళ వాటిని చూస్తే ఎవరో తనకోసం తోరణాలు కట్టినట్టే అనిపించింది.

వాళ్ల నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నాయన కాళ్లు మగ్గం గుంతలో అరిగిపోయాయి. ఓబులేసు కాళ్లు బ్రేకు, క్లచ్చుల మీద అరిగాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదాయపన్నంటే షావుకార్ల గొడవ అనుకునేవాడు. మొదటిసారి తన జీతంలో కోసినప్పుడు, ఏ షావుకారు లెక్కో పొరపాటున తన పేరు మీద పడిందని ఆఫీసుకు వెళ్లి అడిగాడు. అందరూ పడీపడీ నవ్వారు. బియ్యం ధర పెరిగేది, నూనె పెరిగేది. ఆ పెరిగినదానికే జీతంలో కరువు భత్యం కలిపేవారు. ఆ డబ్బుతో ఇంటికి వచ్చేది పాత సరుకే. పన్ను లెక్కలో మాత్రం ఆయన ఏటేటా ఇంకొంచెం ఉన్నవాడయ్యేవాడు. పన్ను మొదలయ్యే గీత ఏళ్ల తరబడి అక్కడే నిలబడి ఉంది. ఇప్పటికి కదిలింది.

పుట్టపర్తిలో బస్సు నిలిపి, వేపచెట్టు నీడలో నిలబడి ఇంటికి ఫోను చేసి జీతం సంగతి చెప్పాడు.

"నాకు చెప్పద్దు" అంది భార్య కదిరమ్మ. "పోయినేడు ఇదే నెలలో టీవీలో పన్నెండు లక్షల దాకా ట్యాక్సు లేదన్యారు. ఆ నెలే నీ జీతం కోసినారు. టీవీలో ఒకటి, మనింట్లో ఒకటి."

"అప్పుడు చెప్పింది ఈ ఏటి జీతాలకంట. పద్మజ ఇప్పుడే చూసి చెప్పినాది."

అవతల ఏదో డబ్బా మూత తీసిన చప్పుడు.

"ఏమయ్యా, మరి ఈ సరుకంతా ఏం చేయాల?"

"ఏం సరుకు?"

"నెలంతా దుడ్లుండవని సంక్రాంతి ముందే తెచ్చి పెట్టినా. బియ్యం, కందిబ్యాళ్లు, బెల్లం, నూనె. నేనేమన్నా కల గన్నానా!"

ఓబులేసుకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. ఇద్దరూ ఫోన్లో మాటల్లేకుండా నవ్వుకున్నారు. దారినపోయే ముసలాయన ఆగి చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వి వెళ్లిపోయాడు.

"బెల్లం, బ్యాళ్లు ఉండాయి గదా, ఓళిగలు నేను చేస్తా" అంది కదిరమ్మ. "పలావుకు మనిషిని పిలుస్తా. నువ్వు పోయి శాలువా మళ్లా అడుగు. సిగ్గు పడద్దు."

"అడుక్కోమంటావా?"

"అడుక్కో. ఇన్నేండ్లు తిన్యావు, ఇప్పుడు పెడతాండావు. అడిగితే తప్పా?"

ఎవరికి దండం పెట్టాలో తెలియక, తిరిగి బస్సు ఎక్కాక స్టీరింగుకే దండం పెట్టాడు.

సాయంత్రం బస్సును డిపోలో వరుసలో చేర్చి ఇంజిన్ ఆపాడు. సీటులో కొంచెంసేపు కూర్చున్నాడు. తాళం అప్పగించాడు. సంతకం పెట్టాడు. ఉద్యోగం అయిపోయింది. శాలువా మాట ఎవరూ ఎత్తలేదు. ఆయనే వద్దన్నాడు కదా.

గేటు దగ్గర టీ తాగుతున్న వాళ్ల ముందుకు వెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, రేపు మధ్యాన్నం అందరికీ మా ఇంట్లో అన్నం. పలావు, ఓళిగలు. డ్యూటీలో ఉండేవాళ్లకు క్యారియర్లు నేనే తెస్తా. ఇంగొకటి... శాలువా ఉంటే తీసుకరాండి. కప్పించుకుంటా."

డిపో ఈలలతో దద్దరిల్లింది. "ఫిబ్రవరిలో పలావు!" అని ఎవరో అరిచారు.

"మీ ఆయన్ని గూడా తీసుకరా పాపా" అని అనుపమతో చెప్పి, ఓబులేసు చేతులూపుకుంటూ గేటు దాటాడు.

చీకటి పడుతున్న బస్సులో, డ్రైవరు సీటు పక్కన, ఆయన మరిచిపోయిన తడిగోనె చుట్టిన నీళ్లసీసా ఇంకా చుక్క చుక్కగా కారుతోంది.