అక్క ఫోన్‌లో బటన్

"యాప్‌ని మీ ఫోన్లో కాదు, వాడేవాళ్ళ ఫోన్లో పరీక్షించండి!" అంటూ హాలు నిండా ఉన్న డెవలపర్లకు ఉపన్యాసం దంచేస్తున్నాడు తమ్ముడు. ఆ ఊపులోనే ముందు వరుసలో కూర్చున్న అక్క ఫోన్ అడిగి తీసుకున్నాడు. దాన్ని వెనకున్న పెద్ద తెరకు కలిపి, తాను తయారుచేసిన బస్సు టికెట్ల యాప్ తెరిచాడు.

చూపు మందగించిన అక్క ఫోన్లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంది. దాంతో యాప్‌లో అవన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. టికెట్ కొనే బటన్ తెర కిందికి జారిపోయింది. ఎంత తోసినా పైకి రాదే!

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తమ్ముడికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ముందే చెప్పొచ్చు కదక్కా?" అన్నాడు మైకులోనే, నవ్వు పులుముకుని.

"చెప్పాను కదరా. కళ్ళజోడు మార్చుకోమన్నావు. మార్చుకునే వచ్చాను."