వెండిని ధూళి అనుకున్న చూపు

నేను ఒక ఫిల్ము స్కానరును. చూడటం తప్ప మరేమీ చేతకాని యంత్రాన్ని. నన్ను చేసినవారు నాలో రెండు దీపాలు అమర్చారు. ఒకటి బొమ్మను చూడటానికి. రెండోది మనుషుల కంటికి కనిపించదు. అది ధూళిని పట్టుకోవడానికి. రంగుల ఫిల్ములో ఆ రెండో కాంతి అడ్డులేకుండా సాగిపోతుంది. ఆగిందంటే అక్కడ ధూళి ఉన్నట్టు. దాన్ని చెరిపి పూడ్చమని నాకు నేర్పారు. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి రేణువులు. ఆ కాంతిని వెండి కూడా ఆపుతుంది. అప్పుడు ఆ దీపం ఆర్పవలసింది మనుషులే.

పాత నెగెటివులను కాపాడాలని కొందరు కలిసి నన్ను కొన్నారు. కాకినాడ, తణుకు, అమలాపురం: బస్సుల్లో ఒకరి ఒడినుంచి మరొకరి ఒడికి తిరిగాను. వారిలో ఒక మర్యాద ఉండేది. ఇచ్చేవారు అన్నీ సరిచేసి ఇస్తారు. పుచ్చుకున్నవారు ఆ అమరికను ముట్టుకోరు. ముట్టుకుంటే అవతలివారి పనితనాన్ని శంకించినట్టు.

రంగుల పెళ్లి ఫిల్ములు ముగించిన ఇస్మాయిల్ నన్ను రిటైరైన లెక్చరర్ తులసీరావుకు అప్పగించాడు.

"అంతా సెట్ చేసేశానండి మేష్టారూ. మీరు మీట నొక్కడమే. మళ్లీ కెలికారంటే ఊరుకోను."

"నీ చెయ్యి పడ్డాక కెలకడానికేముందయ్యా" అని ఆయన నవ్వాడు.

మర్నాడు మంగాయమ్మ ఒకే ఒక్క నలుపు తెలుపు నెగెటివు తెచ్చింది. చిన్నతనంలోనే పోయిన అక్కది. మరో బొమ్మ లేదు. వరదలో నానిన ఫిల్ము, బొమ్మ ఉన్న పొర అంచుల్లో లేచిపోతోంది.

"ఒక్కసారే కుదురుతుందమ్మా. బిగించి తీస్తే ఈ పొర నిలవదు" అన్నాడు తులసీరావు.

"ఆ ఒక్కసారి చాలండి. అక్క నవ్వితే ఎలాగుండేదో మర్చిపోతన్నాను."

అక్క ఎండకు ఎదురుగా నిలబడి నవ్వింది. వెలుగు ఎక్కువగా పడిన చోటే వెండి ఎక్కువగా నిలుస్తుంది. ఆ నుదుటిని, బుగ్గలను, పలువరసను నా మొదటి దీపం స్పష్టంగా చూసింది. రెండోది వాటిని ధూళి అంది. ఏది నిజమో తేల్చే అధికారం నాకు లేదు. చెరపని రూపాన్ని దాచుకునే చోటూ లేదు. చెరిపాను.

తెర మీద బొమ్మ నిండేలోపే ఆయన ఫిల్ము బిగించిన చట్రం విప్పాడు. పొర పొడిపొడిగా రాలింది.

"జడ తెలుస్తంది. ఎనకాల తలుపూ తెలుస్తంది. మొకం ఏదండీ?"

తులసీరావు అమరిక తెరిచి చూశాడు. రెండో దీపం వెలిగే ఉంది.

"నేను చూసుకోవలసిందమ్మా."

"మీరేం చేస్తారండీ, మిషను అలాగుంటే."

ఆయన రెండో దీపం ఆర్పి, లాభం లేదని తెలిసీ, పొర రాలగా మిగిలిన ఫిల్మును మళ్లీ బిగించాడు. మొదటి దీపం కాంతి ఎక్కడా ఆగలేదు. నా కొలతలో అది మచ్చలేని ఫిల్ము. మంగాయమ్మ ఇంకా తెరవైపు వంగే ఉంది.