బఠాణీ గింజంత

"పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా, దీదీ?" డాక్టరమ్మ కలం ఆపి అడిగింది.

ముప్ఫై నిండని పిల్ల. మొటిమలకి వాడే రెటినాయిడ్ క్రీము కడుపులో బిడ్డకి హాని చేస్తుంది; రాసిచ్చే ముందు అడిగి తీరాల్సిన ప్రశ్న కనక అడిగింది. ఈప్సితకి నలభై రెండేళ్ళు. నాలుగేళ్ళ క్రితం ఇదే ప్రశ్నకి మరో డాక్టరుతో "అవును" అని చెప్పి ఆ క్రీము మానేసింది. గడ్డం చుట్టూ మొటిమలు తిరగబెట్టాయి. అత్తగారు మినతి వాటిని చూసి మురిసిపోయేది. "ఉండనీ బౌమా, నువ్వు మందు రాయడం లేదంటే ఇంట్లో ఆశ ఉన్నట్టే" అనేది. రెండుసార్లు కడుపు నిలిచింది. రెండుసార్లూ పోయింది.

"లేదు" అంది ఈప్సిత.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. భర్త సుబిమల్‌తో అనలేదు. తనలో తనూ అనుకోలేదు. ముక్కూ మొహం తెలియని పిల్ల దాన్ని విని, చీటీ మీద రాసుకుని, తర్వాతి సంగతికి వెళ్ళిపోయింది.

"మొదట్లో వారానికి రెండు రాత్రులే. మొహం కడుక్కుని, బాగా ఆరాక, బఠాణీ గింజంత. మొహమంతటికీ అంతే. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గదు, తోలు ఊడుతుంది. పైన మాయిశ్చరైజరు. పగలు సన్‌స్క్రీన్. మనసు మారితే మాత్రం ముందు మందు ఆపి, నా దగ్గరికి రండి."

ఈప్సిత అన్నీ చెప్పినట్టే చేసింది. సుబిమల్‌కి చెప్పడం ఒక్కటే రేపటికి వాయిదా వేస్తూ వచ్చింది. ఈలోగా మొహమే బయటపెట్టేసింది. మూడో వారానికి బుగ్గలు పొట్టు రేగాయి.

"ఏంటది, ఎండకా?" అన్నాడు సుబిమల్.

"ఎండకే."

అతను నమ్మాడు. నమ్మడమే అతనికి సుఖం కాబోలు.

మినతి మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, కోడలి గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పింది.

"ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు, మా."

"ఖోకాకి తెలుసా?" కొడుకు సంగతి అడిగింది.

"తెలీదు."

ముసలి చెయ్యి గడ్డం దగ్గరే కాసేపు ఉండిపోయింది. తిడుతుందని ఈప్సిత ఎదురుచూసింది. తిడితే జవాబు చెప్పొచ్చు. మినతి చెయ్యి తీసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం భోజనంలో చేపల పులుసు అయ్యాక, చివర్లో తినే తియ్యటి చట్నీ గిన్నెలో తెచ్చింది మినతి.

"అరే, అనాస చట్నీ! దీన్ని గడప తొక్కనివ్వవుగా, మా?" అన్నాడు సుబిమల్.

"కాలం కదా. బాగా పండాయి."

"నాలుగేళ్ళుగా కాలమే రాలేదా?" అని నవ్వాడు. తల్లి నవ్వలేదు. అతని నవ్వు సగంలోనే ఆగింది. తింటే కడుపు నిలవదని ఆ నాలుగేళ్ళూ అనాసనీ బొప్పాయినీ ఇంటికి రానివ్వనిది ఆవిడే. అతను భార్య బుగ్గల వైపు చూశాడు.

"ఎండకి కాదన్నమాట."

"కాదు."

"తిను, బౌమా. నీకిష్టం కదా" అని మినతి వడ్డించింది.

ఈప్సిత నోట్లో పెట్టుకుంది. పగిలిన పెదవుల మూలలు భగ్గుమన్నాయి. చట్నీ చాలా బాగుంది. అదే ఆమెకి భరించరానిదైంది.

"నాకు ముందు చెప్పాల్సింది" అన్నాడు సుబిమల్.

"చెబితే వద్దనేవాడివా?"

అతను చట్నీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత తలెత్తకుండానే చెంచా ముంచి, ఒక అనాస ముక్క తీసుకుని తిన్నాడు.