కుట్టుమిషను కళ్ళతో సినిమా

సినిమాకి వెళ్ళినవాళ్ళు కథ చూస్తారు. నేను కుట్లు చూస్తాను. బతుకంతా కుట్టుమిషను ముందు గడిపినవాడి కళ్ళు తెర ముందు కూర్చోగానే మారిపోతాయా?

మొన్న వచ్చిన యుద్ధం సినిమానే తీసుకోండి. హీరో బురదలో పొర్లాడు, నెత్తిన బాంబులు పడ్డాయి, అయినా చొక్కా చేతి మీద ఇస్త్రీ మడత కత్తిలా నిలబడింది. శత్రువులు చచ్చింది తుపాకీకి కాదు, ఆ మడత కోసుకుపోయి చచ్చారని నా నమ్మకం. తర్వాత దెయ్యం సినిమా. ఎప్పుడో మా తాతలనాడు బావిలో పడి పోయిన మనిషట. వెనక్కి తిరిగితే గౌనుకి కొత్త జిప్పు తళతళలాడుతోంది. హాలంతా కెవ్వుమంటే నేను పకపకా నవ్వాను. ముందు సీటాయన దెయ్యాన్ని వదిలేసి నన్ను చూసి జడుసుకున్నాడు. ఇక ప్రేమ సినిమాలో పాట చరణానికో జత మార్చింది హీరోయిను. ఆమె మనసిచ్చింది హీరోకి కాదు, దర్జీకి. హాస్యం సినిమాలో ప్యాంటు చిరిగితే నవ్వమన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ చోట రెండో కుట్టు వేయనివాడు దర్జీ ఎలా అయ్యాడండీ?

ఇవన్నీ ఆట నడుస్తుండగానే అంటానని మా ఆవిడ నాకు ఒక సీటు ఎడంగా కూర్చుంటుంది. ఆ మధ్య సీటు మా పక్క కొట్టు గడియారాల మేస్త్రీది. అతను తెర మీద గోడ గడియారాల్లో తప్పులు పడతాడు. దొందూ దొందే.

అయితే ఈసారి సినిమాకి బట్టలు కుట్టింది మా కోడలు.

సూదిలో దారం ఎక్కించడం కూడా రాకుండా మా ఇంటికొచ్చిన పిల్ల. నా పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. ఇది ఆమె మొదటి సినిమా. ఆ సినిమా తీసినావిడకి పని నచ్చి, తర్వాతి సినిమాకి బట్టల బాధ్యత మొత్తం నువ్వే చూసుకోమంది. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. మావాడు వెళ్ళమన్నాడు. ఆమె మాత్రం కొట్లో అందరి ముందూ తేల్చి చెప్పింది: "మామయ్య చూడాలి. తప్పు పట్టకపోతేనే వెళ్తా."

ఉన్న తప్పు చెబితే పిల్ల రెక్క విరుగుతుంది. దాచి బాగుందంటే నా మొహమే చెప్పేస్తుంది.

మధ్యాహ్నం ఆటకి అందరం వెళ్ళాం. సినిమాలో ఒకావిడ ఏటి మీద పడవ నడుపుతుంది. చలికాలం. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. జనాన్ని అటు దించి ఇటు వస్తుంటుంది, అంతే. చివర్లో పడవలో నిద్రపోతున్న ముసలాయన మీద తన కోటు తీసి కప్పి, వణుకుతూ తెడ్డు వేస్తుంది. దీపాలు వెలిగాక చూస్తే నా జేబురుమాలు పిండుకునేలా ఉంది.

బయట మెట్ల మీదే నిలదీసింది కోడలు.

"చెప్పండి మామయ్యా. కోటు కాలరు ఎలా కూర్చుంది?"

"కాలరా?"

"పోనీ, రేవులో కూలీల చొక్కాలు?"

"అమ్మాయ్, నాకేం గుర్తులేదు."

ఆమె మొహం పాలిపోయింది. "అంత ఘోరంగా ఉన్నాయా?"

"నాన్నా, దెయ్యం జిప్పుకి ఎన్ని పళ్ళున్నాయో చెప్పే మనిషివి. గుర్తులేదంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు మావాడు.

"ఉన్నదేదో కక్కెయ్ బావా," అన్నాడు మేస్త్రీ. "నేను చెప్పట్లా? రేవు గడియారం పావుగంట వెనక."

"నీ గడియారాన్ని ఏట్లో పారెయ్!"

"నన్ను నొప్పించకూడదని మింగేస్తున్నారు," అంటూ కోడలు ఫోన్ తీసింది. "రానని చెప్పేస్తా."

"ఆగు తల్లీ! ఒట్టు, కుట్టొక్కటి కంటపడితే ఒట్టు. ఆవిడ వాళ్ళాయన కోటు తీసి ఆ ముసలాయనకి కప్పిందే, అక్కడ నా కళ్ళకి ఇంకేం కనబడలా."

ఫోన్ మీద ఆమె వేలు ఆగిపోయింది.

"వాళ్ళాయనదని మీకెవరు చెప్పారు?"

"సినిమాలోనే చెప్పారుగా. పాపం, పోయాడు కదా." మా ఆవిడ వైపు తిరిగాను. "చెప్పలా?"

"చెప్పే ఉంటారు. నాకూ తెలుసుగా," అంది మా ఆవిడ.

"ఎవరూ చెప్పలేదక్కా," అన్నాడు మేస్త్రీ. "ఆయన ఊసే ఎత్తలేదు."

కోడలు మెట్టు మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "మాటల్లో చెప్పం, బట్టలతోనే తెలియాలి అన్నారు సినిమా తీసినావిడ. మగవాడి కొలతలకి కుట్టా మామయ్యా. భుజాలు జారేలా వదిలేసి, చేతులు మాత్రం ఆమెకి సరిపడా మడిచి చేత్తో కుట్టా. జేబుల్లో రాళ్ళు వేసి పెరట్లో వేలాడదీశా, ఎవరో ఏళ్ళతరబడి చేతులు పెట్టుకున్నట్టు సాగాలని."

రాళ్ళు! ఆ విద్య నేను నేర్పలేదు. నాకే తెలియదు. నా ఛాతీ ఉబ్బిన ఉబ్బుకి చొక్కా గుండీలు పట్టపగ్గాల్లేకుండా ఎగిరిపోవాలి. కుట్టింది నేను కాబట్టి నిలిచాయి.

"చెయ్యమ్మా ఫోను. వస్తున్నానని చెప్పు," అన్నాను.

చేసింది. "వస్తానండీ" అని ఒక్క ముక్కతో సరిపెట్టింది. ఇక లాభంలేదని ఫోన్ నేను అందుకున్నాను.

"ఆ అమ్మాయి మామగారినండీ. వస్తుంది. మీరు అదృష్టవంతులు."

ఇంకా చాలా చెప్పేవాణ్ణి గానీ కోడలు ఫోన్ లాక్కుంది. పోతే పోయింది, మిగతాది మెట్లు దిగుతున్న జనానికి చెప్పాను. టికెట్లు చింపే ఆయనకైతే రెండుసార్లు చెప్పాను, మొదటిసారి సరిగ్గా ఆశ్చర్యపోలేదని.