ఏ గదికి ఎన్ని డిగ్రీలు

ఫిక్టెల్ కొండల్లో చలికాలం అక్టోబరులో వచ్చి కూర్చుందంటే ఏప్రిల్ దాకా లేవదు. అక్కడివాళ్ళు చలేస్తోందని పైకి అనరు, అంటే నామోషీ. గెర్నోట్ ఇంకో అడుగు ముందుకేసి ఆ చలితోనే పందెం గెలిచేవాడు. బంతి దొర్లించి కొయ్యపిన్నులు పడగొట్టే క్లబ్బొకటి ఉంది వాళ్ళకి. అందులో తొమ్మండుగురు మగవాళ్ళు, అందరూ సొంత ఇళ్ళవాళ్ళే. ఏడాది ఆఖర్న, ఇల్లు వెచ్చబెట్టడానికి ఎవరింటి బాయిలర్ ఎంత ఆయిల్ తాగిందో లెక్క చూసుకుంటారు. అందరికన్నా తక్కువ కాల్చినవాడికి ఆ సాయంత్రం బీరు ఉచితం. గెర్నోట్ ఏడేళ్ళుగా ఆ బీరుకి జేబులో చెయ్యి పెట్టలేదు. నెల మొదటి తారీకున నేలమాళిగలోకి దిగి, ట్యాంకులోకి కొలబద్ద దించి, ఎంత తగ్గిందో గళ్ళ పుస్తకంలో రాసుకుంటాడు. పెళ్ళిరోజు మరిచిపోయిన సంవత్సరాలున్నాయి గానీ ఆయిల్ కొలవని నెల లేదు.

ఆయన భార్య ఇర్మెలా కూడా మొదట్లో ఆ గెలుపుకి మురిసిపోయిన మనిషే. రెండేళ్ళ కిందట ఆమెకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. అప్పట్నించి చలి ఆమె ఎముకల్లో కాపురం పెట్టింది. మొదటి చలికాలం అదే పోతుందిలే అనుకుంది. రెండో చలికాలానికి చెప్పకపోవడమే అలవాటైపోయింది. కడిగిన కప్పులే మళ్ళీ కడిగేది, వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకోవచ్చని. రొట్టెల దుకాణంలో తన వంతు వచ్చినా వెనకవాళ్ళని ముందుకి పంపేది, ఆ పొయ్యి వేడి ఇంకాసేపు తగులుతుందని. గెర్నోట్ మాత్రం "మా ఇర్మీకి శుభ్రం ఎక్కువ, ఓపిక అంతకన్నా ఎక్కువ" అని అందరికీ చెప్పుకునేవాడు. పాపం, మనస్ఫూర్తిగానే చెప్పేవాడు.

కిందటి ఆదివారం బైరాయిట్ పట్నం నుంచి ఇర్మెలా చెల్లెలు గుద్రున్ ఫోన్ చేసింది. తన ఫ్లాట్‌లో ఒక గది ఖాళీగా ఉందనీ, చలికాలమంతా వచ్చి ఉండమనీ అంది. ఇర్మెలా సరేనంది. నవంబరు మొదలు ఈస్టర్ దాకా. పెట్టె ఏది తీసుకెళ్ళాలో కూడా అనుకుంది. భర్తకి చెప్పడమే మిగిలింది. నలభై నాలుగేళ్ళలో ఆసుపత్రి రోజులు తప్ప ఇద్దరూ వేరువేరు ఇళ్ళలో పడుకున్నది లేదు. వెళ్ళొస్తానన్న మాట ఎలా అన్నా వెళ్ళిపోతానన్నట్టే వినిపిస్తుందని ఆమె భయం. నిజానికి వెళ్ళాలని ఆమెకి లేదు. ఇంకో చలికాలం ఈ ఇంట్లో గడపగలనన్న ధైర్యమూ లేదు.

ఇంతలో ఏటా చిమ్నీ, బాయిలర్ తనిఖీ చేసేవాడు వచ్చి, ఈ బాయిలర్ ఇంకో చలికాలం ఈడ్చడం కష్టమనీ, పోతే సామాను కూడా దొరకదనీ చెప్పిపోయాడు. కొత్తది పెట్టాలంటే ఎంతవుతుందో, ఇంటికి వేడి నిలవాలంటే ఇంకేం చేయించాలో అంచనా వేయడానికి నెస్రిన్ అనే ఇంజనీరుని పిలిపించాడు గెర్నోట్. సెప్టెంబరు చివరి వారం, మధ్యాహ్నం రెండింటికి వచ్చిందామె. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో గోడ దూరం కొలిచే చిన్న యంత్రం, చంకలో కాగితాలు బిగించిన అట్ట.

గెర్నోట్ గళ్ళ పుస్తకం ఆమె ముందు పరిచాడు.

"చూడండి మేడమ్, నూట యాభై చదరపు మీటర్ల విడి ఇల్లు. డెబ్బై నాలుగులో కట్టింది. ఏడాదికి పదకొండు వందల యాభై లీటర్లు! నమ్ముతారా?"

"నమ్మడం కష్టంగానే ఉందండీ," అంది నెస్రిన్.

గెర్నోట్ దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు. "ఈ లెక్కన ఎంత మెషిన్ సరిపోతుంది?"

"ఈ లెక్కన అయితే ఐదు కిలోవాట్ల హీట్ పంప్ చాలు, కరెంటుతో బయటి గాలిలోంచి వేడి లాగే మెషిన్. అన్నిటికన్నా చిన్నది."

"విన్నావా ఇర్మీ! అన్నిటికన్నా చిన్నది చాలుట!"

"విన్నాను," అంది ఇర్మెలా, సింకు దగ్గర నుంచి.

నెస్రిన్ తొందరపడే మనిషి కాదు. అటక ఎక్కి చూసింది. వేడి పైకి పోకుండా పరిచిన యాభై ఏళ్ళనాటి దూది పరుపుని ఎలుకలు సగం పంచుకున్నాయి. నేలమాళిగ కప్పు అరచేత్తో తడిమింది. కిటికీలు, గోడలు, తలుపులు అన్నీ కొలిచింది. కుట్టుమిషను గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీట తిప్పబోతే కదల్లేదు, బిగుసుకుపోయింది. అదీ రాసుకుంది. గంటన్నర తర్వాత వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఇర్మెలా కాఫీ, ప్లమ్ ముక్కలు పరిచి కాల్చిన కేకు పెట్టింది. నెస్రిన్ లెక్క చూసి, మళ్ళీ చూసి, కేకు పక్కకి జరిపింది.

"గెర్నోట్ గారూ, గోడలూ కిటికీలూ లెక్కేస్తే ఈ ఇంటికి పదకొండు కిలోవాట్లు కావాలి. మీ పుస్తకం ఐదంటోంది. రెండూ కలవడం లేదు."

"నా పుస్తకంలో తప్పుండదమ్మా."

"నా కొలతల్లోనూ లేదు. రెండూ ఒప్పయితే ఒకటే అర్థం. ఈ ఇంట్లో సగం గదులు వెచ్చబడటమే లేదు."

గెర్నోట్ నవ్వాడు. "వాడని గది వెచ్చబెట్టడం ఎందుకూ? హాల్లో పద్దెనిమిది డిగ్రీలు. మరీ చలేస్తే స్వెటరుంది. దానికి ఆయిల్ అక్కర్లేదు కదా!"

నెస్రిన్ అట్ట మీద కాగితం తిప్పి పెట్టింది. గదుల పేర్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని ఎదురుగా ఖాళీ గడి. "ఏ గదిలో ఎన్ని డిగ్రీలు కావాలో ఇంట్లో ఉండేవాళ్ళని అడిగి రాయాలి. దాన్నిబట్టే మెషిన్, దాన్నిబట్టే ఖర్చు."

"రాసుకోండి. హాలు పద్దెనిమిది. వంటిల్లు పద్దెనిమిది. స్నానాలగది, సరే, ఇరవై. కుట్టుమిషను గది—"

"ఉండేది ఇద్దరండీ," అంది నెస్రిన్. తల తిప్పి, "అమ్మా, మీకు హాల్లో ఎన్ని కావాలి?" అని అడిగింది.

ఇర్మెలా కుళాయి కట్టేసింది. నలభై నాలుగేళ్ళలో ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏ రంగు తెరలు కావాలని అడిగారు, చేప వండనా మాంసమా అని ఆమే అడిగింది. ఇది మాత్రం ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. పద్దెనిమిది చాలని నోటిదాకా వచ్చింది. చేతులు చూసుకుంది. సెప్టెంబరులోనే వేళ్ళ కొసలు తెల్లబడి ఉన్నాయి.

"ఇరవై మూడు," అంది.

"ఎంతా?" అన్నాడు గెర్నోట్.

"ఇరవై మూడు. చెవుడేం రాలేదుగా నీకు."

"మనింట్లోనా? ఎప్పుడన్నా చెప్పావా నాకు?"

"ఎలా చెప్పను? ఏడాది ఆఖర్న నువ్వు కాలరెగరేసుకుని ఇంటికొస్తావు. నా చలి గురించి చెప్పి నీ పండగ పాడు చెయ్యనా?" ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. "ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఒక్క రోజు వెచ్చగా లేను గెర్నోట్. ఆ కప్పులన్నీ శుభ్రం కోసం కడుగుతున్నాననుకున్నావా? గుద్రున్ రమ్మంది. చలికాలమంతా దాని దగ్గరే ఉంటానని చెప్పేశాను. నీకే చెప్పలేకపోయాను."

నెస్రిన్ తెలివైన మనిషి కనక కేకు దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.

గెర్నోట్ గళ్ళ పుస్తకం మళ్ళీ తెరిచాడు. ఇర్మెలా ఆసుపత్రి నుంచి వచ్చిన నెల పేజీ తీశాడు. దాని తర్వాత నెలలు, ఆ తర్వాతవి. అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఎంత తగ్గిందో రాసుకున్నాడు గానీ ఎవరి ఒంట్లోంచి తగ్గిందో రాసుకోలేదు.

"ఆ బీరు నాకు గొంతు ఎట్లా దిగిందే ఇర్మీ?" అన్నాడు చివరికి.

"బాగానే దిగింది, పాట కూడా పాడావు," అందామె. అని, ఏడుస్తూనే నవ్వింది.

ఆయన కుర్చీ లాగి నెస్రిన్ వైపు జరిగాడు. "ఇరవై మూడుకి ఎంతవుతుంది మేడమ్? దాచకుండా చెప్పండి."

"ఇల్లు ఇలాగే ఉంచితే పెద్ద మెషిన్ కావాలి, కరెంటు బిల్లు కూడా పెద్దదే. అలా వద్దు. ముందు అటక మీద మంచి పరుపు, నేలమాళిగ కప్పుకి వేడి ఆపే అట్టలు, మూడు గదులకి పెద్ద రేడియేటర్లు. పదకొండు వేల యూరోల దాకా అవుతుంది. అప్పుడు ఎనిమిది కిలోవాట్లతో సరిపెట్టుకోవచ్చు. అది పెట్టించడానికి ముప్పై ఒక్క వేలు. సర్కారు సాయం పోగా అన్నీ కలిపి ముప్పై లోపే మీ చేతినుంచి పడుతుంది. అటక పని మీరే చేసుకుంటే ఇంకా తగ్గుతుంది."

"అటక నేనే చేస్తాను. మెషిన్ ఎప్పటికొస్తుంది?"

"ఫిబ్రవరి కన్నా ముందు రాదండీ."

గెర్నోట్ భార్య కేసి తిరిగాడు. "అప్పటిదాకా ఆ పాత బాయిలర్నే తిప్పుతాను, ఎంత తాగితే అంత తాగనీ. అది చస్తే నేనే నిన్ను గుద్రున్ ఇంట్లో దింపి, అక్కడ సోఫాలో నేనూ పడుకుంటాను. గుద్రున్ గురక నేను భరిస్తాను. నువ్వొక్కదానివీ మాత్రం వెళ్ళకు."

ఇర్మెలా తువ్వాలుతో చేతులు అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడుచుకుంది.

"కాగితం ఇటివ్వండి మేడమ్," అన్నాడాయన. పెన్సిల్ తీసుకుని ముందు తను వేయించిన పద్దెనిమిదిలన్నీ కొట్టేశాడు. తర్వాత భార్య మోచెయ్యి పట్టుకుని గది గదికీ తిప్పాడు. ప్రతి గుమ్మంలో ఆగి, కొత్తగా ఇల్లు చూపిస్తున్నవాడిలా అడిగాడు. "ఇక్కడ?" హాల్లో ఇరవై మూడు. "ఇక్కడ?" వంటింట్లో ఇరవై ఒకటి, పొయ్యి ఉంటుందిగా. స్నానాలగదిలో ఇరవై నాలుగు. కుట్టుమిషను గదికి ఇరవై రెండు. మళ్ళీ అక్కడ కూర్చుని కుట్టుకోవాలని ఉందని చెప్పింది. సామాన్ల గదికి కూడా ఇరవై రెండు వేయబోయాడు.

"బంగాళాదుంపలకి కూడానా? మొలకలొస్తాయి," అంది ఇర్మెలా.

మేడ మీద ఆఖరిది పడకగది. గెర్నోట్ పెన్సిల్ గడిలో ఆనించి, ఆమె చెప్పకముందే "ఇరవై మూడు వేస్తున్నాను," అన్నాడు.

"వద్దు, పదహారు చాలు."

"పదహారా? మళ్ళీ ఖర్చని ఆలోచిస్తున్నావా? నాకోసం చెప్పకు ఇర్మీ, నీకోసం చెప్పు."

"నాకోసమే చెప్తున్నాను," అందామె. "ఈ ఒక్క గదిలోనే నాకెప్పుడూ చలెయ్యలేదు. నువ్వుంటావుగా."

గెర్నోట్ ఒకటి వేశాడు. పక్కన ఆరు వేయడానికి చాలాసేపు పట్టింది.