వనపర్తికొచ్చిన వంకాయ రాకెట్టు

మా మేనమామ కురుమయ్య ఒక రాకెట్టు చేసిండు. బయట దేశపోళ్లు చేసిన రాకెట్లకంటె బాగుంటదని నేననను, చూసినోళ్లు అన్నరు. దానికి పెట్రోలు అక్కరలేదు, డ్రైవరు అక్కరలేదు. కోరా బట్ట, జిగురు, రంగు డబ్బలు ఉంటె చాలు. ఒక్కటే ఐబు, నలుగురు తాళ్లు కట్టి గుంజితె తప్ప పైకి లేవదు.

మామ గద్వాలల సినిమా బ్యానర్లు రాసేటోడు. మా దిక్కు బొమ్మను గూడ రాసుడే అంటరు. నేను పుట్టకముందు తెల్లోళ్ల దేశంల తీసిన చంద్రలోకం సినిమా ఒకటి తెలుగు మాటలు పెట్టి గద్వాలకు తెచ్చిండ్రంట. బ్యానర్ రాయనీకి మామకిచ్చిన నమూనా అగ్గిపెట్టె మీది బొమ్మంత ఉండెనంట. అందుల నల్లగ, పొడుగ్గ ఏదో ఉంది. తెచ్చినోన్ని అడిగితె రాకెట్టు అన్నడు. మామ దాన్ని కండ్ల కాడ పెట్టి చూసిండు, దూరం పెట్టి చూసిండు, పొద్దుగూకెటాల్లకు గుత్తివంకాయ అసుంటి రాకెట్టు రాసిండు. ఊదా రంగు, కింద మూడు రెక్కలు, వంకాయకు తొడిమ ఉన్నట్టు కొసకు ఒక ఆకుపచ్చ టోపి. గుండ్రటి కిటికీలల్ల మీసాలోళ్లు. నెత్తులకు గాజు కుండలు. హీరోయినుకు గాజు కుండ లోపట మల్లెపూల దండ. వెనుక దోసెకు బొక్కలు పడ్డట్టు చంద్రుడు. ఆ పక్కన మూడు కండ్ల పచ్చోడొకడు, అందరిని తినేస్త అన్నట్టు చేతులు చాపి నిలబడ్డడు.

సినిమా పోయినంక ఆ బ్యానర్ ను మామ ఇంట్ల అర్రకు అడ్డం కట్టిండ్రు. నేను చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు పోతె దాని కిందనే పండుకుంటుంటి. కింద పెద్ద అక్షరాలతోని "క్రీ.శ. 2000 సంవత్సరంలో మానవుడు ఎక్కడ ఉంటాడు?" అని రాసుండె. నేను దాన్ని సర్కారు మాట లెక్క నమ్మిన. రెండువేల సంవత్సరం మొదటి దినం పొద్దున లేచి మిద్దె ఎక్కి చూసిన. నీళ్ల ట్యాంకు ఉండె. ఇటిక్యాల బస్సు టాపు మీద మనుషులు ఉండిరి. ఆ లెక్కన మానవుడు జర పైకి పోయినట్టే అనుకొని కిందికి దిగిన.

అటెన్క మా అత్త ఇల్లు సాఫు చేస్తు, మామ పనికి పోయిన టైం చూసి, ఆ బ్యానర్ ను ఇటిక్యాల భీమమ్మకు ఇచ్చేసింది. బదులు పల్లికాయ మూట తీసుకున్నది. రంగు పట్టిన బట్ట నీళ్లకు తడవదు, రైతులకు తాడిపత్రి లెక్క పనికొస్తది. మా దిక్కు ఎందరో హీరోలు గట్లనే సొప్ప వాముల మీద పండుకొని వానకు నానిండ్రు. మామ ఆ పల్లికాయ ఒక్కటి గూడ ముట్టలేదు.

ఇగ ఫ్లెక్సీలొచ్చినయి. ఫ్లెక్సీల మనిషి మొఖం ఉన్నదున్నట్టు వస్తది, మామ దృష్టిల అదే దాని రోగం. ఆయన ట్రాక్టరు మడ్గార్డుల మీద పులులు, ఎరువుల దుకాండ్ల షట్టర్ల మీద టమాటలు రాసుకుంట బతుకుతుండె. గట్ల ఉండంగ రెండువేల ఆరుల వనపర్తి నుంచి టాకీసు ఓనరు చంద్రశేఖర్ కబురు పంపిండు. కొత్త సినిమా వచ్చుడు ఆలస్యమైతుందంట, నడుమ ఖాళీకి ఆ పాత చంద్రలోకం సినిమా డబ్బ అగ్గువకు దొరికిందంట.

నేను, మామ పోయినం. చంద్రశేఖర్ మాటల మనిషి కాదు. కొత్త బ్యానర్ కు బట్ట కొననని, పాతది తెస్తె మాత్రం కడ్తనని చెప్పిండు.

"ఇదే ఆఖరు కురుమయ్యా," అన్నడు. "వచ్చే నెల ఇనుప ఫ్రేము పెడ్తున్న, ఫ్లెక్సీకి. ఇంక చేతి బొమ్మ నా టాకీసు ఎక్కదు."

మామ సరే అన్నడు. తెల్లారి పొద్దున గడ్డం గీసుకొని, ఇస్త్రీ అంగి తొడుక్కొని మా ఇంటి ముందల నిలబడ్డడు. మా ఇంట్ల దాన్ని పెద్ద వార్త కింద లెక్క పెట్టిండ్రు. మా అమ్మ అయితె ఎవరు సచ్చిపోయిండ్రని అడిగింది. ఎవ్వరు సావలేదు, ఆ రాకెట్టును ఇంకొక్కసారి టాకీసు ముందల చూసుకోవాలని మామకు ఉన్నది, అంతే. అంగి చూస్తె తెలుస్తుండె.

ఇటిక్యాలల భీమమ్మ బ్యానర్ ను బర్రె కొట్టానికి అడ్డం కట్టుకున్నది, బొమ్మ దిక్కు లోపటికి. మేము లోపటికి పోయి చూస్తె బర్రె, పచ్చోడు ఎదురెదురు నిలబడి ఉండిరి. మామ చంద్రుని మీది పేడను గోటితోని గీకి చూస్తుండు. నేను భీమమ్మకు కథ చెప్పిన. ఈ బట్ట మీద గవర్నమెంటు పరీక్షలు చేస్తుందని, రాకెట్టు రంగు గాలికి బర్రెలకు రెక్కలొస్తయని, పక్క జిల్లాల ఒక బర్రె మిద్దె ఎక్కి దిగనంటుందని.

భీమమ్మ అంత ఓపికగ విన్నది. "రెక్కలొస్తె మంచిదే గద బిడ్డా, మేతకు అదే పోయొస్తది," అన్నది. "ఇయ్యనీకి నాకేం లేదు. గని దీని దూడ సచ్చిన కాడికెల్లి, ఆ పచ్చోన్ని చూడంది ఇది చేపదు. పాలెవరిస్తరు, మీ మామ ఇస్తడా?"

ఏదన్న ఇంకొక బొమ్మ, గంత పెద్దదే, తెచ్చి కట్టుమన్నది. అప్పుడు తీసుకపోండ్రి అన్నది.

అంత పెద్ద బొమ్మ దొరికే జాగ నాకు ఒక్కటే తెల్సు. గద్వాల చౌరస్తల ఒక నాయకుని పుట్టినదినం ఫ్లెక్సీ ఉండె. పుట్టినదినం అయిపోయి శాన దినాలైంది, ఆయన ఇంక దండం పెట్టుకుంటనే నిలబడ్డడు. గాలికి ఒక మూల ఊడింది. మిగిలిన మూడు మూలలకు గాలి అందకుంటె నేను జర సాయం చేసిన.

భీమమ్మ ఫ్లెక్సీని సాపు చేసుకుంట మొఖం గుర్తుపట్టింది. "గీయన ఓట్లప్పుడు గూడ మా వాడకు రాలె," అన్నది. "రానీ తియ్, ఇట్లన్న కొట్టంల ఉంటడు."

ఫ్లెక్సీ కట్టినం. నాయకుడు బర్రెకు దండం పెట్టిండు. బర్రె ఆయనను పైనుంచి కిందిదాంక చూసి మొఖం తిప్పుకున్నది. భీమమ్మ తవుడు పెట్టి, బుజ్జగించి, ఎట్లనో పిండుకున్నది. పాలు జర నీళ్లగ వచ్చినయని తర్వాత తెలిసింది.

నా దోస్తు మల్లేశ్ ట్రాక్టరు వనపర్తికి పోతుంటె బ్యానర్ ను ట్రాలీల ఏసుకున్నం. బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణ గాలి కొట్టింది. తాళ్లు ఊడి బ్యానర్ మొత్తం విచ్చుకున్నది, రాకెట్టు ట్రాలీ మీదికెల్లి లేచి ఏటి దిక్కు ముక్కు పెట్టింది. నేనొక మూల, మామొక మూల పట్టుకొని వేలాడినం. బ్రిడ్జి సగం దాటెదాంక ట్రాక్టరు టైర్లు రోడ్డుకు అంటలేదని మల్లేశ్ ఇప్పటికి చెప్తడు. నేను ఒట్టేసి చెప్పలేను, నా కండ్లల్ల బట్ట పడింది. మామ మాత్రం నవ్వుతుండె. పెబ్బేరు దాటినా ఆయన నవ్వు ఆగలేదు.

వనపర్తిల టాకీసు వెనుక బ్యానర్ ను పరిచినంక నవ్వు పోయింది. రాకెట్టు ముక్కును ఎలుకలు కొట్టినయి. హీరోయిను గాజు కుండ ఉంది, లోపట హీరోయిను లేదు. చంద్రునికి భీమమ్మ యూరియా సంచి ముక్క ఏసి కుట్టింది, అందుకే చందమామ మీద నలభై ఆరు శాతం నత్రజని అని ఉంది. చంద్రశేఖర్ వచ్చి చూసి, దూరం నుంచి ఎవనికి కనపడది, గట్లనే కట్టేయ్ అన్నడు.

"ముక్కు లేకుండ ఎట్ల కడ్తరు," అన్నడు మామ. అని గోచి దోపుకొని బట్ట మీద కూసున్నడు.

ఆయన కూసుంటె లేపుడు ఎవరితోని కాదు. ముక్కుకు కొత్త బట్ట అతికిండు. ఆ రంగు ఆరేదాంక చంద్రున్ని మొదలుపెట్టిండు. చంద్రుడు అయిపోతె మల్ల ముక్కు పాతగ కనపడ్డది. ఇటు ముందల బ్యానర్ లేకుండనే సినిమా మొదలైంది. నేను లోపటికి పోయి చూసిన. సినిమాల రాకెట్టు సబ్బు డబ్బంత ఉంది, తీగె కనపడ్తుంది, పొగ చూస్తె ఎవరో పక్కన బీడి తాగుతున్నట్టుంది. పచ్చోడు అసలే లేడు. లోపట జనం నాతోని కలిపి ఒక బెంచి నిండ లేరు. బయటికొచ్చి చూస్తె మామ రెక్కల మీద మెరుపు దిద్దుతుండు.

చంద్రశేఖర్ ఆ డబ్బను ఆదివారం గూడ ఉంచుకోలేదు, వాపస్ పంపిండు. మామ బొమ్మ అయిపోయిందని లేచి నడుం పట్టుకునేటాల్లకు టాకీసుల వేరే సినిమా దిగింది. పేరుల కుంకుమ, కథల అత్తా కోడళ్లు. చంద్రశేఖర్ వెనుకకొచ్చి సంగతి చెప్పిండు. మామ సరే అని కుంచెలు గ్యాసునూనెల కడుగుడు మొదలుపెట్టిండు. కడిగినయే మల్ల కడుగుతుండు. ఇస్త్రీ అంగి మొత్తం ఊదా రంగైంది.

నేను చంద్రశేఖర్ ను ముందటికి తీసుకపోయి టాకీసును చూపెట్టిన. కొత్త సినిమా ఫ్లెక్సీ కర్నూలు నుంచి రాలేదు, ఇనుప ఫ్రేము గూడ రాలేదు. టాకీసు ముందల ఏం లేదు. అటు పోయేటోళ్లు ఇది మూతపడ్డదని, పల్లి గోదాము చేస్తరని మాట్లాడుకుంటున్నరని చెప్పిన. మాట్లాడుకునేది నేనొక్కన్నే, గని గోదాము మాట ఆయనకు తగిలింది.

"అత్తా కోడళ్ల సినిమాకు రాకెట్టేంది ర?" అన్నడు.

"పేరు మారిస్తె అయిపాయె గద సార్. ఫ్లెక్సీ వచ్చెదాంకనే."

మామ కింద మానవుడు ఎక్కడ ఉంటాడన్న అక్షరాలను తుడిచి, దాని మీద కుంకుమ పేరు రాసిండు. రాకెట్టు కంటె పేరు పెద్దగ కావద్దని జాగ్రత్త పడ్డడు. సాయంత్రం నలుగురం తాళ్లు గుంజినం. ఎండ వాలినంక ఆ ఊదా రంగు మీద పడ్తుంటె రోడ్డు మీద ఆటోలు ఆగినయి. మామ రోడ్డు అవతలికి పోయి, హోటలు ముందట నిలబడి, చేతులు వెనుక కట్టుకొని చూసిండు. చాయ్ ఇచ్చిండ్రు. చల్లారిపోయింది.

తెల్లారికెల్లి జనం మొదలైండ్రు. ఖిల్లా ఘణపూర్ దిక్కు నుంచి ట్రాక్టర్లల్ల వచ్చిండ్రు. వనపర్తిల ఉన్న జనం కంటె లైన్ల ఉన్న జనమే ఎక్కువని నా అందాజ. లోపట అత్త కోడల్ని తిట్టింది, కోడలు తులసికోట కాడ ఏడ్చింది, రాకెట్టు రాలేదు. ఇంటర్వెల్ ల అందరు నా దిక్కే చూసిండ్రు, టాకీసోన్ని అనుకొని. సోడ తాగుకుంట సెకండాఫ్ ల ఉన్నదని చెప్పిన. అందరు నెమ్మదిగ పోయి కూసున్నరు. సెకండాఫ్ ల అత్తకు జబ్బు చేసింది, కోడలు రక్తమిచ్చింది, ఇద్దరు కావలిచ్చుకున్నరు, శుభం పడ్డది.

కుర్చీలు ఇరుగుతయని చంద్రశేఖర్ ఆఫీసుకు లోపట గొళ్లెం పెట్టుకున్నడు. ఒక్క కుర్చీ ఇరగలేదు. టికెట్ కొని రాకెట్టు చూడకుండ వచ్చినమని ఊళ్లె చెప్పుకునే ధైర్యం ఎవనికి లేదు. కృష్ణయ్య అనే పెద్దమనిషి మెట్ల మీద నిలబడి, కోడలు ఏడ్చేటప్పుడు వెనుక కిటికీల నుంచి పోయింది, మీరు ఆమెను చూసుకుంట దాన్ని ఇడిసిపెట్టిండ్రు అన్నడు. అది విని ఇంకొకాయన తాను గూడ చూసిననన్నడు. ఒకామె అయితె దాని పొగకే కోడలికి కండ్లల్ల నీళ్లొచ్చినయన్నది. చూడనోళ్లు మల్ల టికెట్లకు నిలబడ్డరు. మాట్నీ అయ్యేటాల్లకు వనపర్తిల రాకెట్టు చూడనోడు లేడు. కొందరైతె రెండు చూసిండ్రు.

మామ అవతల హోటలు బెంచి మీద కూసుండి ఇదంత వింటుండె. మెల్లగ లేచి, రోడ్డు దాటి, ఫస్ట్ షో లైన్ల నిలబడ్డడు. తాను బ్యానర్ రాసిన సినిమాకు మామ టికెట్ కొనుడు నేనెన్నడు చూడలేదు. పక్కకు పోయి అంగి గుంజిన.

"మామా, ఏంది నువ్వు గూడ? రాసినోడివి నువ్వే గద."

"నేను రాసింది బయట ర అల్లుడా," అన్నడు. "లోపట ఏమున్నదో నాకేం తెల్సు."

శుభం పడ్డంక అందరికన్న ఆఖరుకు బయటికొచ్చిండు. నేను పక్కన నడిచిన. బస్టాండు దగ్గరికొచ్చినంక ఆయనే ఆగి బీడి ముట్టిచ్చుకున్నడు.

"ఉన్నది ర," అన్నడు. "గని ఊదా రంగు జర తక్కువ పెట్టిండ్రు."