ఇల్లు కారుతుంటే

రెండాంగ్ కూర అడుగంటకూడదంటే గరిటె ఆగకూడదు. మేనమామ వస్తున్నాడని యుస్మర్ని పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే ఉంది. కొబ్బరిపాలు ఇగిరి మాంసం మీద నూనె తేలుతోంది. ముందుగదిలో జరుగుతున్నది ఆమె గురించిన పంచాయితీ. ఆమెను మాత్రం ఎవరూ పిలవలేదు.

మినాంగ్ తెగవాళ్ళ ఇళ్ళలో ఇల్లూ పొలమూ తల్లినుంచి కూతురికే వస్తాయి. భర్త ఆ ఇంటికి వచ్చినవాడు. పెద్దరికం మేనమామది. యుస్మర్నికి తల్లినుంచి ఇంకొకటి కూడా వచ్చింది. రొమ్ము కేన్సర్‌తో అమ్మ నలభై నాలుగేళ్ళకి పోయింది, అక్క ముప్పై తొమ్మిదికి. ఆస్పత్రికని బస్సెక్కుతూ అక్క, "వచ్చేవారం వచ్చేస్తాగా, నా పచ్చడి దాచి ఉంచు" అంది. ఆ సీసా మూత ఇప్పటికీ ఎవరూ తీయలేదు. పోయిన నెల రక్తపరీక్షలో ఆ జబ్బు తెచ్చే లోపం యుస్మర్నిలోనూ ఉందని తేలింది. జబ్బు రాకముందే రెండు రొమ్ములూ తీయించుకుంటే గండం చాలావరకు తప్పుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"గడ్డ లేదు, నొప్పి లేదు. బాగున్న ఒంటిని కోయించుకునేదాన్ని నిన్నే చూశాను" అన్నాడు భర్త రుస్లాన్, ఆ రాత్రే. "మరి నా సంగతేంటి?" అని కూడా అన్నాడు. ఆ మాట ఆమెకు పంటి సందులో పీచులా అలాగే ఉండిపోయింది.

ఆమె ముందుగదిలోకి పళ్ళాలు తీసుకెళ్ళేసరికి, రుస్లాన్ పక్కన కూర్చున్న మేనమామ అంటున్నాడు: "తల్లినుంచి వచ్చింది ముట్టుకోకూడదమ్మా, ఒళ్ళైనా అంతే. పెద్దల సొత్తు ఏ నాలుగింటికి కదపొచ్చో చిన్నప్పుడే నేర్పాను. చెప్పు చూద్దాం."

"పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే. వంశం పేరు నిలబెట్టాల్సి వస్తే. నడింట్లో శవం ఉంటే."

"నాలుగోది?"

"ఇల్లు కారుతుంటే." పళ్ళాలు కింద పెట్టింది. "నడింట్లో శవాన్ని రెండుసార్లు చూశాం మావయ్యా. రెండుసార్లూ నువ్వే మోశావు. ఈసారి కారుతుండగానే కప్పు బాగుచేసుకుంటాను. అడగడానికి రాలేదు, చెబుతున్నాను."

మేనమామ తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత మంచినీళ్ళు తెస్తున్న ఆమె కూతురు రహ్మీని చూశాడు. పదిహేనేళ్ళది, అచ్చం వాళ్ళ అమ్మమ్మే.

"ఎప్పుడమ్మా?"

"గురువారం."

"నేనూ వస్తాను. బస్సులో ఒక్కదానివీ వద్దు."

యుస్మర్ని చాప మీద కూర్చుంది, ఆ పూట మొదటిసారి. వంటింట్లోంచి మాడు వాసన సన్నగా వస్తోంది.

"రెండాంగ్ అడుగంటుతోంది" అంది, లేవకుండా.

రుస్లాన్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.